నలభై రోజులు గడిచినా నీనెవె కూలలేదు: యోనా ప్రవచనం తప్పిందా?

మీ ప్రశ్నలో మూడు చిక్కులు ఉన్నాయి. నలభై రోజుల్లో అష్షూరు మహానగరం నీనెవె నాశనమవుతుందని బైబిలులోని యోనా ప్రవక్త ప్రకటించాడు, నగరం నాశనం కాలేదు. అలాంటప్పుడు ఆ ప్రవచనం తప్పిందని ఎందుకు అనకూడదు? నీనెవెవారు మారతారని దేవునికి ముందే తెలిసి ఉంటే ఆ ప్రకటన ఉత్త బెదిరింపు అవుతుంది, తెలియకపోతే ఆయన సర్వజ్ఞుడు కాకుండా పోతాడు. ఈ రెంటిలో ఏది నిజం? అన్నీ ఆయనకు ముందే తెలిసినవే అయితే మనిషి స్వేచ్ఛకూ ప్రార్థనకూ చోటెక్కడ? ప్రవక్తల గ్రంథాలను చాలా ఏళ్లుగా బోధిస్తున్న నేను ఈ మూడింటికీ ఒక్క వాక్యంలో జవాబు చెప్పేవారిని కొంచెం అనుమానంగానే చూస్తాను. అయితే మూడు చిక్కులకూ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం. ముందే తీసిపెట్టిన సినిమాలో రాబోయే సన్నివేశాన్ని చూసినవాడు చూడనివారికి చెప్పేసినట్టుగా మనం ప్రవచనాన్ని ఊహించుకుంటాం. ప్రవక్తలకు మాత్రం అది ఏలుతున్న రాజు నోటి నుంచి వచ్చే మాట. అందులో తీర్పు ఉంటుంది, హెచ్చరిక ఉంటుంది, వాగ్దానం ఉంటుంది, వినేవాడి నుంచి ఆశించే స్పందన కూడా ఉంటుంది.

ముందుగా యోనా సంగతి చూద్దాం. యోనా గ్రంథం మూడవ అధ్యాయం నాలుగవ వచనంలో ఉన్న ఆ ప్రకటన హీబ్రూలో మొత్తం ఐదే మాటలు. చివరి మాట 'హాఫక్' అనే ధాతువు నుంచి వచ్చింది. తలకిందులు చేయడం, బోర్లదోయడం దాని అర్థం. ఆదికాండం 19లో సొదొమ నాశనాన్ని చెప్పడానికి వాడినది ఈ ధాతువే. అయితే సమూయేలు మొదటి గ్రంథం 10వ అధ్యాయంలో సౌలు వేరొక మనిషిగా మారతాడని చెప్పడానికి కూడా ఇదే ధాతువును వాడారు. అంటే 'నీనెవె తలకిందులవుతుంది' అన్న మాట నగరం కూలినా చెల్లుతుంది, నగరం మనసు మారినా చెల్లుతుంది. కొందరు బోధకులు ఈ శ్లేషను చూపించి ప్రశ్న తీరిపోయిందంటారు. నాకు అంత ధైర్యం లేదు. నీనెవె రాజు దాన్ని నాశన వార్తగానే విన్నాడు, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు, 'దేవుడు మనసు తిప్పుకుంటాడేమో ఎవరికి తెలుసు' అన్నాడు. ఆ మాటలోనే ఆయనకు ఆ నలభై రోజుల అర్థం తెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నాశనం ఎలాగూ తప్పదనుకుంటే గడువు ఎందుకు, దాన్ని చాటడానికి ఎక్కడి నుంచో ఒక ప్రవక్తను రప్పించడం ఎందుకు? సొదొమకు గడువు పెట్టి ప్రవక్తను పంపిన దాఖలా లేదు.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం యోనాదే. నాలుగవ అధ్యాయం రెండవ వచనంలో అతడు కోపంతో అసలు విషయం బయటపెట్టేస్తాడు: నువ్వు కటాక్షం గలవాడివనీ, కీడు చేయకుండా వెనక్కి తగ్గేవాడివనీ నాకు ముందే తెలుసు, అందుకే నీనెవెకు వెళ్లమన్నప్పుడు ఓడ ఎక్కి తర్షీషుకు పారిపోయాను అంటాడు. తన నోట పలికించబోయే మాటలో దాగిన షరతు ప్రవక్తకు ఓడ ఎక్కకముందే తెలుసు. అతని బాధంతా ప్రవచనం తప్పుతుందేమోనని కాదు, అది ఫలిస్తుందేమోనని.

ఆ దాగిన షరతు ఏమిటో యిర్మీయా 18వ అధ్యాయం బాహాటంగా చెబుతుంది. కుమ్మరి చేతిలో కుండ చెడిపోతే అదే మట్టితో మరో కుండ చేసిన దృశ్యాన్ని చూపించిన తరువాత, ఏ జనాన్నయినా పెళ్లగిస్తానని తాను పలికినప్పుడు ఆ జనం చెడుతనం మానితే తలపెట్టిన కీడు చేయననీ, కట్టి నాటుతానని పలికినప్పుడు ఆ జనం మాట వినకపోతే చేస్తానన్న మేలు చేయననీ దేవుడు తానే ప్రకటిస్తాడు. యాజకుడైన ఏలీ ఇంటివారికి జరిగింది రెండవదే. 'నీ యింటివారు నిత్యం నా సన్నిధిలో సేవ చేస్తారని చెప్పాను, ఇప్పుడు అది నాకు దూరమగునుగాక' అనే భావం వచ్చే మాటలు సమూయేలు మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో ఉన్నాయి. కాబట్టి ఒక తీర్పు వాక్యంలో 'మారకపోతే' అనే పదం లేనంత మాత్రాన ఆ షరతు లేదని అనుకోకూడదు.

ఇది మనం ఇబ్బంది తప్పించుకోవడానికి తరువాత కనిపెట్టిన సర్దుబాటు అని మీకు అనిపించవచ్చు. అలా కాదనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ యిర్మీయా 26వ అధ్యాయంలో ఉంది, దాన్ని మన సభల్లో తక్కువగా చదువుతారు. యెహోయాకీము ఏలుబడి ఆరంభంలో యిర్మీయా దేవాలయ ఆవరణంలో నిలబడి, ఈ మందిరం కూడా పూర్వం ఆరాధనా స్థలంగా ఉండి పాడైపోయిన షిలోహులా అవుతుందని ప్రకటించగానే యాజకులూ ప్రవక్తలూ అతణ్ణి పట్టుకుని చావవలసినవాడేనని కేకలు వేశారు. అప్పుడు దేశపు పెద్దలలో కొందరు లేచి పాత సంగతి ఒకటి గుర్తుచేశారు: హిజ్కియా రాజు దినాలలో మోరష్తీయుడైన మీకా ప్రవక్త సీయోనును చేనులా దున్నుతారని, యెరూషలేము రాళ్లకుప్ప అవుతుందని ప్రవచించాడు, హిజ్కియా అతణ్ణి చంపించాడా? యెహోవాకు భయపడి వేడుకొన్నాడు, ఆయన తలపెట్టిన కీడును చేయలేదు. అప్పటికి మీకా పలికి సుమారు వందేళ్లు గడిచాయి, యెరూషలేమును ఎవరూ దున్నలేదు. జరగని మాట చెప్పినవాడు అబద్ధ ప్రవక్త అనే ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయపు కొలతను యాంత్రికంగా వాడితే మీకా దోషి కావాలి. ఆ పెద్దలకు అలాంటి ఆలోచనే రాలేదు. మాట విని రాజు భయపడ్డాడు కాబట్టి ఆ ప్రవచనం తన పని తాను చేసిందన్నదే వారి లెక్క. అహీకాము అనే పెద్దమనిషి అండతో పాటు ఆ వాదన కూడా ఆ రోజు యిర్మీయా ప్రాణం కాపాడింది.

వెనక్కి తీసుకున్న తీర్పు రద్దయిన తీర్పు కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. తరువాతి తరాలు పాత దారి పట్టినప్పుడు క్రీ.పూ. 612లో నీనెవె బబులోనువారి, మాదీయుల చేతుల్లో కూలింది, క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది. నీనెవె పతనాన్ని ప్రకటించే నహూము గ్రంథాన్ని యోనా గ్రంథం పక్కన పెట్టుకుని చదవమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను.

అయితే ఈ సూత్రాన్ని పట్టుకుని ఏ ప్రవచనం నెరవేరకపోయినా 'షరతు ఉంది' అని తప్పించుకోవచ్చా? ఇది న్యాయమైన అనుమానం. ఈ సాకుతో తమ తప్పుడు ప్రవచనాలను దాచుకున్నవారిని నేనూ చూశాను. యిర్మీయా 28వ అధ్యాయం ఆ దారి మూసేస్తుంది. రెండేళ్లలో బబులోను కాడి విరిగి మందిరపు ఉపకరణాలు తిరిగి వస్తాయని హనన్యా అనే ప్రవక్త ప్రకటించినప్పుడు యిర్మీయా మొదట 'ఆమేన్, అలాగే జరుగును గాక' అన్నాడు; తరువాత, పూర్వ ప్రవక్తలు యుద్ధాన్నీ కీడునూ తెగులునూ ప్రకటించారు, క్షేమం ప్రకటించే ప్రవక్త మాత్రం తన మాట నెరవేరినప్పుడే యెహోవా పంపినవాడని తెలుస్తుంది అన్నాడు. భయపెట్టే మాట పశ్చాత్తాపం వల్ల ఆగిపోవచ్చు. పాపాన్ని ప్రశ్నించకుండా, ఎవరినీ మారమని అడగకుండా, గడువు మాత్రం పెట్టి మేలు ప్రకటించినవాడికి ఆ వెసులుబాటు లేదు. బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కొయ్యకాడిని హనన్యా విరగ్గొట్టి చూపించాడు, అదే సంవత్సరం ఏడవ నెలలో చనిపోయాడు.

ఇక షరతు ఏమాత్రం లేని ప్రవచనాలూ ఉన్నాయి. ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాము (తరువాత అబ్రాహాము) పశువులను రెండుగా ఖండించి ఎదురెదురుగా పెట్టాడు. ఆ కాలంలో నిబంధన చేసుకునేవారు అలా ఖండించిన వాటి మధ్య నడిచేవారని యిర్మీయా 34వ అధ్యాయం వల్ల తెలుస్తుంది. ఇక్కడ అబ్రాము నడవలేదు, గాఢనిద్రలో ఉన్నాడు. రాజుచున్న పొయ్యి, మండుతున్న కాగడా మాత్రమే వాటి మధ్య నుంచి సాగిపోయాయి. దేవుడు ఒక్కడే బాధ్యత తన మీద వేసుకున్న ఆ రాత్రి, అబ్రాము సంతానానికి రాబోయే నాలుగు వందల ఏళ్ల బాధా, విడుదలా, కనానులోని అమోరీయుల అక్రమం అప్పటికి ఇంకా నిండకపోవడమూ అన్నీ ఒకే మాటలో బయటికి వచ్చాయి. ఆయన ప్రమాణం చేసి పలికిన వాటిని మనిషి అవిధేయత ఆలస్యం చేసినట్టు కనిపించినా రద్దు చేయలేదు.

దేవునికి భవిష్యత్తు ఎలా తెలుసన్న రెండవ ప్రశ్నకు యెషయా 40 నుంచి 48 వరకు ఉన్న అధ్యాయాలే ప్రధాన ఆధారం. అక్కడ ఒక న్యాయస్థానం కనిపిస్తుంది. విగ్రహాలను పిలిచి, జరగబోయేది చెప్పండి, మీరు దేవతలని మేము తెలుసుకుంటాం అని దేవుడు సవాలు చేస్తాడు. తరువాత 44, 45 అధ్యాయాల్లో పారసీక రాజు కోరెషును పేరు పెట్టి పిలుస్తాడు. కోరెషు సేనలు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో. ఈ అధ్యాయాలు యూదులు బబులోను చెరలో ఉన్న కాలంలోనే, కోరెషు పేరు వినిపిస్తున్న రోజుల్లోనే రాసినవని చాలామంది పండితులు అంటారు. ఎనిమిదవ శతాబ్దపు యెషయావే అని సంప్రదాయం చెబుతుంది. నేను సంప్రదాయం వైపే ఉన్నాను, ఎందుకంటే ముందుగా చెప్పడం మీదే ఆ సవాలంతా నిలబడి ఉంది. కానీ ఈ వాదనలో చెల్లని నాణేలు కూడా తిరుగుతుంటాయి. 1947 ప్రాంతంలో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్టను కోరెషు ప్రవచనానికి రుజువుగా చూపించే ప్రసంగాలు విన్నాను. ఆ ప్రతి క్రీ.పూ. రెండవ శతాబ్దానిది, కోరెషు తరువాత నాలుగు వందల ఏళ్లకు రాసినది, ఆ విషయంలో అది ఏమీ రుజువు చేయదు. క్రైస్తవులు క్రీస్తు శ్రమల ప్రవచనంగా చదివే యెషయా 53వ అధ్యాయం క్రీస్తు జననానికి ముందే రాసి ఉందనడానికి మాత్రం అది తిరుగులేని సాక్ష్యం.

బబులోను శిథిలాల్లో 1879లో దొరికి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కోరెషు మట్టి శాసనం విషయంలోనూ అంతే. అందులో యూదుల పేరు లేదు, యెరూషలేము పేరు లేదు. ఇతర ప్రాంతాల దేవతలను వాటి ఆలయాలకు, జనాలను వారి నివాసాలకు తిరిగి పంపానని మాత్రం ఉంది. తనను ఎన్నుకుని నడిపించినవాడు బబులోనువారి దేవుడైన మర్దుక్ అని ఆ శాసనంలో ఉంది. దీనితో బైబిలు అబద్ధమని తేలిందని ఒకరు నాతో వాదించారు. నేను ఆయనకు యెషయా 45వ అధ్యాయం నాలుగు, అయిదు వచనాలు తీసి చూపించాను. 'నీవు నన్ను ఎరుగవు' అని దేవుడు కోరెషుతో రెండుసార్లు అంటాడక్కడ. తనను నడిపిస్తున్నదెవరో తెలియని రాజు ఇంకో దేవుని పేరు చెప్పడంలో ఆశ్చర్యమేముంది?

ఆ అధ్యాయాల్లో దేవుడు తన జ్ఞానానికి ఇచ్చుకునే కారణాన్ని గమనించండి. 46వ అధ్యాయంలో ఆదినుంచే కలగబోయే వాటిని తెలియజేస్తున్నానని చెప్పిన వెంటనే, నా ఆలోచన నిలుస్తుంది, చెప్పాను కాబట్టి నెరవేరుస్తాను, ఉద్దేశించాను కాబట్టి సఫలం చేస్తాను అంటాడు. ఆయన ఎరుక ఆయన సంకల్పంతో ముడిపడి ఉంది. ఆరవ శతాబ్దపు తత్వవేత్త బొయీథియస్ దేవుడు కాలానికి బయట ఉండి కాలమంతటినీ ఒకే వర్తమానంగా చూస్తాడన్నాడు. చూడటం వల్ల చూసినది బలవంతం కాదని చెప్పడానికి ఆ పోలిక ఉపయోగపడుతుంది గాని, యెషయాలోని దేవుడు చూస్తూ కూర్చున్నవాడు మాత్రం కాదు. 1588లో స్పెయిన్ వేదాంతి లూయిస్ డి మోలీనా, ఏ పరిస్థితిలో ఏ మనిషి ఏం చేస్తాడో కూడా దేవునికి తెలుసనీ, ఆ ఎరుకతోనే ఆయన లోకాన్ని నడిపిస్తాడనీ వాదించాడు. గడచిన కొన్ని దశాబ్దాలలో కొందరు క్రైస్తవ వేదాంతులు స్వేచ్ఛతో చేసే భవిష్యత్ పనులు ఇంకా తెలుసుకోదగినవే కావనే దాకా వెళ్లారు. 'దేవుడు పశ్చాత్తాపపడ్డాడు' అనే వచనాలను వారు తేలిగ్గా దాటేయరు, అది మెచ్చుకోదగినదే. కానీ కోడి కూయకముందే తనను ఎరుగనని మూడుసార్లు అంటావని యేసు పేతురుకు చెప్పిన మాట వారి లెక్కలో ఇమడదు.

'పశ్చాత్తాపం' గురించి ఒక్క మాట. సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో సౌలును రాజుగా చేసినందుకు యెహోవా పశ్చాత్తాపపడ్డాడని 11వ వచనంలోనూ 35వ వచనంలోనూ ఉంది, ఆయన మనిషిలాగా పశ్చాత్తాపపడేవాడు కాడని 29వ వచనంలో ఉంది. మూడు చోట్లా హీబ్రూ క్రియ ఒక్కటే. రాసినవాడు ఇరవై వచనాల కిందట రాసింది మరిచిపోయేంత అమాయకుడు కాదు. మనుషులతో ఆయన వ్యవహరించే తీరు మారుతుంది, ఆ మార్పులో నిజమైన దుఃఖం ఉంటుంది, ఆయన ఉద్దేశం మాత్రం మారదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టాలనే ఆ అధ్యాయం అలా రాసి ఉంది.

జరగనివాటి గురించిన ఎరుకకు కెయీలా సంఘటన చూడండి. సౌలు రాజు తనను తరుముతుండగా ఆ ఊళ్లో ఉన్న దావీదు, యాజకుడు అబ్యాతారు తెచ్చిన ఏఫోదు (దేవుని చిత్తం అడగడానికి వాడే యాజక వస్త్రం) ముందు రెండు ప్రశ్నలు అడిగాడు: సౌలు ఇక్కడికి వస్తాడా, కెయీలావారు నన్ను అతనికి అప్పగిస్తారా? వస్తాడు, అప్పగిస్తారు అని జవాబు వచ్చింది. దావీదు తన దాదాపు ఆరువందల మందితో ఊరు విడిచిపోయాడు. సౌలు రాలేదు, ఎవరూ ఎవరినీ అప్పగించలేదు. ఆ రెండు జవాబులూ నిజమే, అవి నిజం కావడం వల్లే జరగలేదు. నీనెవె ప్రకటన ఉత్త బెదిరింపా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది: మారకపోతే నాశనమన్నది పూర్తిగా నిజం, ఆ హెచ్చరిక విని మారతారన్నదీ ఆయన ఎరిగినదే, ఆ మార్పుకు ఆయన నిర్ణయించిన సాధనం ఆ హెచ్చరికే.

సాధనం లేకుండా గమ్యం మాత్రమే నిర్ణయమై ఉంటుందని అనుకోవడం వల్లే స్వేచ్ఛ గురించిన మూడవ చిక్కు పుడుతుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో తుపానులో చిక్కుకున్న ఓడలో పౌలు, మీలో ఒక్కరి ప్రాణానికీ హాని కలగదని దేవదూత తనతో చెప్పినట్టు ప్రకటిస్తాడు. ఓడలో ఉన్నది 276 మంది. పద్నాలుగవ రాత్రి నావికులు ముందు భాగం నుంచి లంగరులు వేస్తున్నట్టు నటిస్తూ, తాము పారిపోవడానికి చిన్న పడవను నీళ్లలోకి దించారు. దేవుడు చెప్పాడు కదా అని పౌలు ఊరుకోలేదు. శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు తాళ్లు కోసి పడవను వదిలేశారు. అందరూ బతుకుతారన్నది ఖాయమే, నావికులు ఉండి తీరాలన్నదీ అంతే నిజం. ఆ వాగ్దానం సైనికుల కత్తుల మీదుగానే నెరవేరింది. క్రీస్తు సిలువ గురించి అదే గ్రంథం రెండవ అధ్యాయంలో పేతురు చెప్పిందీ ఇదే వరుసలో ఉంటుంది: దేవుని నిశ్చిత సంకల్పాన్నిబట్టి అప్పగించబడ్డాడు, మీరు చంపించారు. ఒకదానితో ఒకటి చెల్లు వేయకుండా రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఈ రెండూ ఎక్కడ ఎలా కలుస్తాయో గీత గీసి చూపించలేను. ఏదో ఒకటి కొట్టేస్తే లెక్క సులువవుతుంది గాని వాక్యభాగం మిగలదు.

అన్ని ప్రవచనాలూ ఇంత చక్కగా సర్దుకుంటాయని నేననను. యెహెజ్కేలు 26వ అధ్యాయంలో సముద్రతీర నగరమైన తూరును బబులోను రాజు నెబుకద్నెజరు పాడుచేసి కొల్లసొమ్ము పట్టుకుంటాడని ఉంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్క ప్రకారం పదమూడేళ్లు ముట్టడించినా అతనికి దక్కింది కొద్దే. 29వ అధ్యాయంలో యెహెజ్కేలే ఆ మాట ఒప్పుకుంటాడు: మోతలు మోసి సైనికుల తలలు బోడివయ్యాయి, భుజాలు కొట్టుకుపోయాయి, అయినా తూరు వల్ల వారికి కూలి దక్కలేదు, బదులుగా ఐగుప్తు ఇస్తాను. అలలవలె అనేక జనాలు తూరు మీదికి వస్తాయని 26వ అధ్యాయంలోనే ఉంది కాబట్టి, క్రీ.పూ. 332లో అలెగ్జాండరు పాత నగరపు రాళ్లూ మట్టీ సముద్రంలో పోసి దారి వేసి ద్వీపం మీది తూరును పట్టుకోవడం ఆ మాటల నెరవేర్పులో భాగమేనని నేననుకుంటాను. అయినా తూరు ఉన్నచోట నేటికీ జనం నివసిస్తున్నారు, 'మరెన్నడూ కట్టబడదు' అన్న మాటను ఆ నగరపు సముద్ర సామ్రాజ్యం గురించి పలికినదిగా చదవవలసి వస్తుంది. ప్రవక్తే ఆ రెండు అధ్యాయాలనూ దాచకుండా ఒకే పుస్తకంలో ఉంచాడన్నది నాకు అతి సర్దుబాటు కంటే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

చివరిగా ప్రార్థన. దానియేలు 9వ అధ్యాయంలో దానియేలు యిర్మీయా గ్రంథం చదివి, యెరూషలేము పాడుగా ఉండవలసింది డెబ్బై ఏళ్లని గ్రహిస్తాడు. గడువు దాదాపు తీరిపోయింది, మాట దేవునిది. ఇలాంటి సంఖ్య చేతికి దొరికితే పటాలు గీసి తేదీలు కట్టేవారు ప్రతి కాలంలోనూ ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు దానియేలు గ్రంథంలోని సంఖ్యలతోనే లెక్క కట్టి 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూసి కుమిలిపోయారు, ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని మార్కు 13వ అధ్యాయంలో అంత స్పష్టంగా ఉన్నప్పటికీ. దానియేలు ఆ సంఖ్య చూసి గోనెపట్ట కట్టుకున్నాడు, ఉపవాసముండి, తన జనుల పాపాలను తన పాపాలుగా ఒప్పుకుంటూ, నీ నిమిత్తమే ఆలస్యం చేయవద్దని వేడుకొన్నాడు. జరిగి తీరుతుందని చదివినదాని కోసమే అతడు ప్రార్థించాడు. ఆ ప్రార్థన ఇంకా ముగియకముందే దేవదూత గబ్రియేలు వచ్చి, నువ్వు వేడుకోవడం మొదలుపెట్టినప్పుడే ఆజ్ఞ బయలుదేరిందని అతనితో చెప్పాడు.